పడిపోయిన గేదెకు, గిరగిరా తిరిగే గొర్రెకు నరాల పరీక్ష ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) పూర్తి చేసి ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో కొత్తగా ఉద్యోగంలో చేరారు. కాలేజీలో నరాల పరీక్ష అంటే కుక్కను టేబుల్ మీద పడుకోబెట్టి సుత్తితో మోకాలి మీద తట్టి చూపించారు. ఇక్కడేమో లేవలేని గేదె, తల ఒక పక్కకి వాల్చి తిరిగే గొర్రె. సుత్తి లేదు, గట్టిగా పట్టుకునే మనిషి లేడు, ఉన్న సమయం పదిహేను నిమిషాలు. ఏది ముందు చూడాలి, ఏది వదిలేయొచ్చు అన్నారు. ఈని ఐదు రోజులైన గేదె ఒకటి రెండు సీసాల కాల్షియం ఎక్కించినా లేవలేదని కూడా చివర్లో రాశారు. దాని సంగతి ఆఖర్న చెప్తాను.

ముందుగా జవాబు. జబ్బు పేరు వెతక్కండి, దెబ్బతిన్న చోటు వెతకండి. మెదడు ముందు భాగమా, మెదడును వెన్నుపాముతో కలిపే బ్రెయిన్‌స్టెమా, చిన్నమెదడా, వెన్నుపామా, కాలికి పోయే ఒక్క నరమా, కండరమా, లేక నరాలకసలేమీ కాలేదా? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే జబ్బుల జాబితా ముప్పై నుంచి మూడుకి దిగుతుంది. పదిహేను నిమిషాల్లో సగం సమయం పశువును ముట్టుకోకుండా చూడడానికే పెట్టండి. తర్వాత తల, ఆ తర్వాత కాళ్లు. నొప్పి పుట్టించే పరీక్షలన్నీ ఆఖరికి, ఎందుకంటే ఒకసారి సూది గుచ్చాక ఆ పశువు మిమ్మల్ని మళ్లీ దగ్గరికి రానివ్వదు, దాని సహజమైన నడకా ఇక కనపడదు. వీటన్నిటికంటే ముందు ఒకటి: రేబిస్ కాదని తేలేదాకా రేబిస్ అనే అనుకుని చేతికి గ్లౌజు వేసుకోండి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇరవై ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ గ్లౌజు సంగతి ఎందుకు ముందు పెట్టానో చెప్పకుండా మిగతాది చెప్పలేను.

2011 వానాకాలంలో ఉదయగిరి వైపు ఒక పల్లె నుంచి కబురొచ్చింది, గేదె మేత మింగలేకపోతోందని. వెళ్లేసరికి నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. "తాటి టెంక మింగినట్టుండాది సారూ, గొంతులో ఇరుక్కోని ఉండాది" అన్నాడు రైతు. తాటిపళ్లు రాలే రోజులే కాబట్టి నేనూ నమ్మాను. వట్టి చేయి నోట్లో పెట్టి గొంతు దాకా వెతికాను. టెంక లేదు. చేయి బయటికి తీస్తుంటే గేదె ఒక అరుపు అరిచింది. బొంగురుగా, మధ్యలో తెగిపోయినట్టు. అది విన్నాక గానీ వెనక్కి వెళ్లి చూడలేదు నేను. తోక జీవం లేనట్టు వేలాడుతోంది, ఊరికే ముక్కుతోంది, నడిపిస్తే వెనక గిట్ట ముందుకు మడతపడుతోంది. నెలన్నర కింద ఒక ఊరకుక్క మందలో పడి కరిచిందని అప్పుడు గుర్తు చేసుకున్నారు. నాలుగో రోజు గేదె చచ్చిపోయింది, మెదడు నమూనాలో రేబిస్ అని తేలింది. నా వేళ్ల మీద దాని పళ్లు గీరిన గీతలు రెండున్నాయి. టీకాలన్నీ పూర్తయ్యేదాకా ఇంట్లో పిల్లల మొహం చూడాలంటే ఎలా ఉండేదో మాటల్లో పెట్టలేను.

ఆ రోజు నేను చేసిన తప్పు గ్లౌజు ఒక్కటే కాదు. పరీక్ష తలకిందులుగా చేశాను. దూరం నుంచి రెండు నిమిషాలు చూసి ఉంటే తోకా, ముక్కడం, వెనక కాళ్లూ, గొంతూ అన్నీ ఒకేసారి కనపడేవి. గొంతులో టెంక అడ్డం పడితే వెనక గిట్ట ఎందుకు మడతపడుతుంది? లక్షణాలన్నీ ఒక్క చోటికి కుదరకుండా, రోజురోజుకీ కొత్తవి చేరుతుంటే రేబిస్ గురించి ఆలోచించండి. ఎద్దుల్లో, గేదెల్లో అది ఎగబడి కరవడంగా కంటే మింగలేకపోవడం, అరుపు మారడం, ముక్కడం, వెనక కాళ్లు తూలడంగానే ఎక్కువగా కనిపిస్తుంది. లక్షణాలు మొదలైన పది రోజుల లోపే ప్రాణం పోతుంది.

కాబట్టి మీరు ఇంకా ముందస్తు టీకా వేయించుకోకపోతే ఈ వారంలోనే మొదలుపెట్టండి. 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజు, మొత్తం మూడు డోసులు. ఆ తర్వాత ఎప్పుడైనా కాటు పడినా, చొంగ గాయానికి తగిలినా, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, 0, 3 రోజుల్లో రెండు డోసులు వేయించుకుంటే సరిపోతుంది, ఇమ్యునోగ్లోబులిన్ (తయారు యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు. మీతో వచ్చే అటెండరుకి కూడా వేయించండి. పశువు నోట్లో చేయి పెట్టేది తరచుగా అతనే.

ఇక ముట్టుకోకుండా చూడడం గురించి. పది అడుగుల దూరంలో నిలబడి, యజమానిని పశువును మామూలుగా పిలిచినట్టే పిలవమనండి. చెవి అటు తిరిగిందా? కన్ను తిరిగిందా? రోజూ గడ్డి వేసే ఇంటావిడ వస్తే గుర్తుపట్టిందా? గోడకు తల ఆనించి నిలబడడం, నోట్లో గడ్డిపోచ పెట్టుకుని నమలడం మరిచిపోవడం, ఒకే వైపు తిరుగుతూ పోవడం, ఇవన్నీ మెదడు ముందు భాగం చెప్పే మాటలు. లేవలేకపోయినా మిమ్మల్ని చూస్తూ నెమరు వేస్తున్న గేదెకు మెదడు బాగుందనే లెక్క, కింద ఎక్కడో వెతకాలి. ఈ ఒక్క తేడాతోనే సగం దారి నడిచినట్టు.

నడవగలిగితే నడిపించండి. తిన్నగా ఒకసారి, కుడికీ ఎడమకీ చిన్న చుట్టు తిప్పుతూ ఒకసారి, వీలైతే పొలం గట్టు ఎక్కించి దించుతూ ఒకసారి. తల పైకెత్తి పట్టుకుని నడిపిస్తే అంతవరకు దాచుకున్న తూలుడు బయటపడుతుంది. బలం లేని కాలికీ, అదుపు లేని కాలికీ తేడా గమనించండి. బలం లేని కాలు ఈడుస్తుంది, గిట్ట కొన అరిగి ఉంటుంది. అదుపు లేని కాలు ఎక్కడ పడుతుందో దానికే తెలియదు, ఒక అడుగు వెడల్పుగా, ఒక అడుగు రెండో కాలికి అడ్డంగా పడుతుంది. చిన్నమెదడు దెబ్బతింటే బలం తగ్గదు. మోకాలి లోతు నీళ్లలో నడిచినట్టు కాలు అవసరానికి మించి ఎత్తి వేస్తుంది, గడ్డి దగ్గరికి మూతి తీసుకుపోయే కొద్దీ తల వణుకు పెరుగుతుంది. పుట్టినప్పటి నుంచీ ఇలా ఉన్న దూడను చూస్తే అది కడుపులో ఉన్నప్పుడే జరిగిన నష్టం, ఇంజెక్షన్లతో బాగుపడదని రైతుకు మొదటిరోజే చెప్పేయడం మంచిది.

పెద్ద పశువు నడుస్తుంటే పక్కనే నడుస్తూ తోక పట్టుకుని మీ వైపు లాగండి. బాగున్న పశువు వెంటనే బిగదీసుకుంటుంది. వెనక కాళ్ల బలం తగ్గిన పశువు సులువుగా మీ మీదికి వాలుతుంది. అందుకే తోక లాగేముందు మీ వెనక గోడ లేకుండా చూసుకోండి. ఒంగోలు ఎద్దుతో, కోడెతో మాత్రం ఇది ముకుతాడు పట్టుకోవడం తెలిసిన యజమాని ఉంటేనే చేయండి.

ఫిట్స్ అని చెప్తే ఫోన్లో వీడియో ఉందా అని అడగండి. మీరు వెళ్లేసరికి పశువు మామూలుగా మేస్తుంటుంది, ఆ అర నిమిషం వీడియోయే మీకు దక్కే పరీక్ష.

ఇప్పుడు తల. మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నరాలు పన్నెండూ వరుసగా గుర్తు చేసుకుంటూ కూర్చోకండి. ముందు నిలబడి ముఖాన్ని చూడండి. రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉన్నాయా, పెదవి ఒక పక్క జారిందా, ఒక రెప్ప వాలిందా, బుగ్గలో మేత నిలిచిందా. తర్వాత కంటికి మూడు పరీక్షలు: చేయి ఆడిస్తే రెప్ప వేస్తుందా, కంటి మూలను తాకితే రెప్ప వేస్తుందా, టార్చి వేస్తే కంటిపాప ముడుచుకుంటుందా. ఈ మూడూ కలిపి చదవడం వస్తే మా ప్రాంతంలోని తల జబ్బుల్లో చాలావాటికి దారి దొరుకుతుంది.

చేయి ఆడించేటప్పుడు గాలి తగలకూడదు. గాలి తగిలితే గుడ్డి గొర్రె కూడా రెప్ప వేస్తుంది, అది చూపు కాదు, స్పర్శ. ఒక్క వేలు చాచి నెమ్మదిగా ముందుకు తెస్తే చాలు. చేయి చూసి ఇలా రెప్ప వేయడం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్చుకునేది. కుక్కపిల్లల్లో పది పన్నెండు వారాల దాకా ఉండకపోవచ్చు, రెండు రోజుల దూడ రెప్ప వేయలేదని గుడ్డిదని రాయకండి. టార్చి పరీక్ష మిట్టమధ్యాహ్నం ఎండలో చేస్తే ఏమీ తేలదు, అప్పటికే పాప ముడుచుకుని ఉంటుంది. కొట్టంలోకి తీసుకెళ్లండి, లేదా తల మీద గోనెపట్టా కప్పి ఒక నిమిషం ఆగి అప్పుడు టార్చి వేయండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, రెండు గుడ్డి పశువుల్ని ఈ పాపే విడదీస్తుంది.

ఒకటి, అకస్మాత్తుగా చూపు పోయిన గొర్రె. పెళ్లిలో మిగిలిన అన్నమో, కల్లంలో గింజలో తెగ తిన్న మూడు నాలుగు రోజులకు తల వెనక్కి విరుచుకుని ఆకాశంలోకి చూస్తుంటుంది. చేయి ఆడిస్తే రెప్ప లేదు, కానీ టార్చి వేస్తే పాప చక్కగా ముడుచుకుంటుంది. అంటే కన్నూ, కంటి నరమూ బాగున్నాయి, చూసిన దాన్ని అర్థం చేసుకునే మెదడు పైపొర పనిచేయడం లేదు. మా దగ్గర దీనికి మొదటి అనుమానం థయామిన్ (విటమిన్ బి1) లోపం. కిలోకు 10 మిల్లీగ్రాముల థయామిన్, మొదటి మోతాదు నెమ్మదిగా సిరలోకి, తర్వాత 6 గంటలకోసారి కండలోకి. 30 కిలోల గొర్రెకు ఒక్కసారికి 300 మిల్లీగ్రాములు. బీ కాంప్లెక్స్ ఇచ్చాం కదా అని ఊరుకోకండి. ఆ సీసా మీద థయామిన్ ఎంత ఉందో చదివి లెక్క వేస్తే, ఇచ్చిన రెండు మిల్లీలీటర్లలో కావలసినంత ఉండకపోవచ్చు. తొలిరోజే మొదలుపెడితే మర్నాటికి గొర్రె లేచి నిలబడడం నేను చాలాసార్లు చూశాను. సీసం విషమైనా ఇలాగే కనపడుతుంది కాబట్టి పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు నాకే అవకాశం ఉందా అని అడగండి.

రెండోది, నెలల తరబడి వట్టి వరిగడ్డి మీదే పెరిగిన దూడ. ఇక్కడ కూడా రెప్ప లేదు, అయితే పాప పెద్దగా విచ్చుకుని టార్చికి కదలదు. విటమిన్ ఎ లోపంతో, పెరిగే వయసులో కంటి నరం పోయే ఎముక సందు ఇరుకై నరాన్ని నలిపేస్తుంది. ఇలా పోయిన చూపు తిరిగి రాదు. ఆ దూడకు చేయగలిగింది తక్కువే, మిగతా దూడల్ని కాపాడడమే మీ పని. పచ్చగడ్డి, విటమిన్ ఎ ఇంజెక్షన్. పెనుగాలుల తర్వాతో, కరువు ఏడాదిలోనో పచ్చిక లేని నెలల్లో ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక మీరు అడిగిన తిరిగే గొర్రె. జోడిపిని, పల్లను, దొరను, ఏ జాతి నెల్లూరు గొర్రెను మేపేవాళ్లయినా మందలో ఏడాదికోసారైనా దీన్ని చూస్తారు. "జీవం గిరగిరా తిరగతా ఉండాది సారూ, గాలి సోకింది" అంటారు. నాకు ఎదురయ్యేవి ప్రధానంగా రెండు.

మొదటిది మెదడులో నీటితిత్తి. మంద కాపలా కుక్క పేగుల్లో ఉండే బద్దెపురుగు గుడ్లు గడ్డి మీద పడి, గొర్రె కడుపులోకి పోయి, మెదడులో తిత్తిగా పెరుగుతుంది. ఇది వారాల తరబడి నెమ్మదిగా ముదిరేది. జ్వరం ఉండదు, ముఖం రెండు పక్కలా సమానంగా ఉంటుంది, మేత తింటూనే ఉంటుంది. గొర్రె సాధారణంగా తిత్తి ఉన్న వైపుకే తిరుగుతుంది, చూపు మాత్రం రెండో వైపు కంటిలో పోతుంది. గొర్రెల్లో ఒక కంటి నుంచి వచ్చే నరం పోగుల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులు దాటుకుని రెండో వైపు మెదడుకు పోతాయి కాబట్టి ఇలా. ఎడమకు తిరుగుతూ కుడి కన్ను కనపడకపోతే తిత్తి ఎడమ వైపున. ముదిరితే నెత్తి మీద బొటనవేలితో నొక్కినప్పుడు ఎముక మెత్తగా దిగుతుంది. ఆపరేషన్ చేసి తీయొచ్చు. నేను చేసిన వాటిలో ఎటువైపో ముందే గట్టిగా చెప్పగలిగినవే నిలబడ్డాయి. కాపరికి మాత్రం ఒక మాట కచ్చితంగా చెప్పండి: చచ్చిన గొర్రె తలను కుక్కలకు వేయొద్దు, లోతుగా పాతిపెట్టాలి, కుక్కలకు కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ మూడు నెలలకోసారి పట్టాలి.

రెండోది లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బు. ఇది రోజుల్లో ముదురుతుంది. బూజు పట్టిన సైలేజీ (మాగబెట్టిన పచ్చిమేత) తిన్న మందల్లో చూస్తాం. గొర్రె దిగులుగా, మొదట్లో జ్వరంతో, ఒక పక్క చెవి జారి, పెదవి వేలాడి, బుగ్గలో మేత నిలిచి, చొంగ కారుస్తూ తిరుగుతుంది. చోటు బ్రెయిన్‌స్టెమ్. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. జారిన చెవి ఉన్న పక్క కంటికి చేయి ఆడిస్తే రెప్ప వేయదు, వెంటనే గుడ్డిదని రాసేస్తాం. కాదు. అది చూస్తుంది, తల వెనక్కి లాక్కుంటుంది, కానీ రెప్ప మూసే నరం పడిపోయింది. కంటి మూలను వేలితో తాకండి, అప్పుడూ మూయకపోతే ముఖనరం పోయిందని అర్థం. తిత్తి ఉన్న గొర్రె అయితే తాకగానే టక్కున మూస్తుంది. ఈ రెండు సెకన్ల పరీక్ష మీద చికిత్స ఆధారపడి ఉంది, ఎందుకంటే లిస్టీరియాకు మొదటి రోజుల్లోనే పెద్ద మోతాదు పెన్సిలిన్ పడితేనే ఆశ. మింగలేకపోతున్న గొర్రెకు గొట్టంతో నీళ్లు పోయకండి, పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గ్లౌజు ఇక్కడ రెండింతలు అవసరం.

కాళ్ల పరీక్షలో పెద్ద పశువుకీ, చిన్న పశువుకీ దారి వేరు. కుక్కకైనా, గొర్రెపిల్లకైనా పాదాన్ని వెనక్కి మడిచి పైభాగం నేలకు ఆనేలా పెట్టండి. బాగుంటే తక్షణం సరిచేసుకుంటుంది. అలాగే ఉంచేస్తే కాలు ఎక్కడుందో మెదడుకు కబురు అందడం లేదు. మూడువందల కిలోల గేదెతో ఇది కుదరదు. దానికి నడకా, తోక లాగడమూ, చర్మం వణుకూ చాలు.

చర్మం వణుకు అంటే, ఈగ వాలితే పశువు ఒళ్లు చటుక్కున ఎలా వణికిస్తుందో అదే. బాల్‌పెన్ను మొనతో వెనక నుంచి ముందుకు, వెన్నెముకకు జానెడు పక్కగా పొడుస్తూ రండి. ఎక్కడ వణుకు మొదలవుతుందో అక్కడికి ఒకటి రెండు వెన్నుపూసల ముందు దెబ్బ ఉంటుంది. గీత ఎంత స్పష్టంగా కనపడుతుందంటే, రైతు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

రిఫ్లెక్సులకు సుత్తి కొనాల్సిన పనిలేదు. పక్కకు పడుకోబెట్టిన దూడకు పై కాలి మోకాలి చిప్ప కింది స్నాయువు (ఎముకను పట్టి ఉంచే గట్టి పట్టీ) మీద బరువైన కత్తెర పిడితో తట్టినా, అరచేతి అంచుతో తట్టినా చాలు. పెద్ద గేదె తన బరువు మీద తాను పడుకుని ఉన్నప్పుడు ఈ పరీక్షను నేను నమ్మను, అటు కాలు బిగుసుకుని ఉంటుంది. తట్టినప్పుడు కాలు మామూలు కంటే ఎగిరి, కండ బిగుతుగా ఉంటే దెబ్బ ఆ కాలికి పైన, మెదడు వైపున ఎక్కడో ఉంది. కాలు కదలకుండా, కండ వేలాడుతూ ఉంటే దెబ్బ ఆ కాలి నరం బయల్దేరే చోటే, లేదా నరంలోనే. ముందు కాళ్లు బాగుండి, వెనక కాళ్లు బిగుతుగా పడిపోతే నడుం పైభాగం. ముందు కాళ్లు బాగుండి, వెనక కాళ్లు తోక మలద్వారంతో సహా వేలాడిపోతే నడుం కింది భాగం. నాలుగు కాళ్లూ పోతే మెడ, లేదా ఒళ్లంతటికీ సంబంధించిన జబ్బు. పొలంలో ఇంతకు మించి లోతు అవసరం రాదు.

ఒక్క సంగతి మాత్రం పొలమైనా, క్లినిక్ అయినా పొరపాటు చేయకూడనిది. నాలుగేళ్ల కింద హైవే మీద మోటారుసైకిల్ గుద్దిన కుక్కను నెల్లూరులో ఒక కుటుంబం తీసుకొచ్చింది. వెనక కాళ్లు రెండూ పడిపోయాయి. అంతకుముందు చూపించిన చోట వేలు గిల్లితే కాలు లాక్కుంది, స్పర్శ ఉంది, నడుస్తుంది అని చెప్పి పంపారట. పది రోజులు ఆ ఆశ మీదే ఆ పిల్లలు దానికి కాళ్లు పట్టారు. నేను ఆర్టరీ ఫోర్సెప్స్‌తో వేలి ఎముక మీద నొక్కాను. కాలు లాక్కుంది, నిజమే. కానీ తల తిప్పలేదు, అరవలేదు, చెవి కూడా కదల్చలేదు, బిస్కెట్ నాకుతూనే ఉంది. కాలు లాక్కోవడం వెన్నుపాము తనంతట తాను చేసే పని. నొప్పి తెలియడం మెదడు పని. మధ్యలో వెన్నుపాము తెగిపోయినా కింది ముక్క కాలును లాగుతూనే ఉంటుంది. కాబట్టి నొక్కేటప్పుడు మీ కళ్లు కాలు మీద కాదు, ముఖం మీద ఉండాలి. వెన్నెముక విరిగి, లోతైన నొప్పి కూడా తెలియకపోతే నడక తిరిగి వచ్చే అవకాశం చాలా తక్కువ. ఆ మాట మొదటిరోజే నెమ్మదిగా, స్పష్టంగా చెప్పి ఉంటే ఆ పదిరోజులు ఆ కుక్కకూ, ఆ పిల్లలకూ వేరేలా గడిచేవి. నొక్కేముందు యజమానికి ఎందుకు నొక్కుతున్నారో చెప్పండి. నొప్పి లేకుండా కాళ్లు లాక్కుంటున్న కుక్కకు మూత్రాశయం నిండి ఉందేమో చేత్తో తడిమి చూడడం కూడా ఈ పరీక్షలో భాగమే.

ఒక్క నరం పోయినవి కూడా మన దగ్గర తరచుగానే వస్తాయి. బండలాగుడుకు తయారుచేసే ఒంగోలు ఎద్దుకు కాడి ఒరిపిడితో భుజం మీది నరం నలిగితే, కొన్ని వారాలకు భుజం ఎముక మీది కండ కరిగి ఎముక గట్టు చేతికి తగులుతుంది, అడుగు వేసినప్పుడు భుజం బయటికి తోసుకొస్తుంది. తెలివి, తోక, మిగతా మూడు కాళ్లూ చక్కగా ఉంటాయి. దీనికి నెలల విశ్రాంతి తప్ప దగ్గర దారి లేదు, పోటీ దగ్గర పడిందని యజమాని ఎంత ఒత్తిడి చేసినా కాడి కట్టొద్దనే చెప్పండి. దూడలకు పిరుదులో ఇంజెక్షన్ వేసి తుంటినరం పోగొట్టిన కేసులు ప్రతి ఏడాదీ చూస్తాను. మెడ కండలో వేయండి, ఆ జబ్బే ఉండదు.

నరాల జబ్బులా కనిపిస్తూ చోటు దొరకనివి కూడా తెలిసి ఉండాలి. పొగాకు, పత్తి, మిరప చేలల్లో మందు కొట్టిన రోజున కండలు అదురుతూ, చొంగ కారుస్తూ, కంటిపాప సూది మొనంత అయిపోయి పడితే అది పురుగుమందు విషం, విరుగుడు అట్రోపిన్ వెంటనే. వానలు ఆగి వాడిన లేత జొన్న తిని నిమిషాల్లో ఊపిరాడక పడిపోతే, సిరలో రక్తం ఎర్రగా మెరుస్తుంటే అది సైనైడు విషం. దాని విరుగుడు మందులు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ సంచిలో లేకుండా ఆ రోజుల్లో బయటికి వెళ్లకండి. తోక ఎత్తి, చెవులు నిక్కబొడిచి, కొయ్యగుర్రంలా నిలబడి, గడ్డం కింద తడితే కంటి మూల నుంచి మూడో రెప్ప బయటికి దూకితే ధనుర్వాతం, రేకు గాయం, వృషణాలు కొట్టించిన గాయం ఎక్కడుందో వెతకండి. అలాగే జైలజీన్ అనే మత్తుమందు ఇచ్చిన పశువు మీద నరాల పరీక్ష చేసి ఏమీ రాయకండి. మీకంటే ముందు ఎవరైనా వచ్చి ఏదైనా ఇంజెక్షన్ వేశారా అని తప్పక అడగండి.

ఇప్పుడు మీ గేదె. ఈని ఐదు రోజులు, తింటోంది, మిమ్మల్ని చూస్తోంది, ముందు కాళ్ల మీద లేవబోయి వెనక కూలబడుతోంది అని రాశారు. కాల్షియం పడిపోయి వచ్చే పాలజ్వరం ఎక్కువగా ఈనిన మూడు రోజుల లోపు వస్తుంది, మెడ పక్కకి తిప్పుకుని, చెవులు చల్లబడి, మత్తుగా ఉంటుంది. మీరు రాసిన గేదెకు ఆ పోలిక లేదు. మూడో సీసా వద్దు. కాల్షియం గుండె మీద పనిచేసే మందు.

దూడను లాగి తీశారా అని అడగండి. లాగి ఉంటే కటి లోపలి నరాలు నలిగాయన్నది నా మొదటి అనుమానం. వెనక కాళ్లు రెండు పక్కలకీ జారి కప్పలా పడితే ఒక నరం, నిలబెట్టినప్పుడు గిట్ట పైభాగం నేలకు ఆని మడతపడితే ఇంకొకటి. తోక ఎత్తి చూడండి, బిగువు ఉందా? మలద్వారం పక్కన సూది తాకిస్తే ముడుచుకుంటుందా? రెండు గిట్టల మధ్య చర్మం గిల్లి ముఖం చూడండి. ఇవన్నీ ఉంటే వెన్నుపాము బాగుంది. తర్వాత గ్లౌజు వేసుకుని మలద్వారం గుండా కటి ఎముకలు తడమండి, ఇంకొకరిని కాలు తిప్పమంటే తుంటి జారినదీ, ఎముక విరిగినదీ చేతికి టకటకమని తెలుస్తుంది. మూత్రం రంగు చూడండి. కాఫీ రంగులో ఉంటే భాస్వరం లోపమో, బండల మీద పడుకుని కండ నలిగిపోవడమో చూడాలి.

ఎముకలు బాగుంటే ఈ రాత్రికే దాన్ని సిమెంటు నేల మీద నుంచి ఇసుక మీదికి మార్పించండి. ఒక జానెడు మందం ఇసుక, పైన వరిగడ్డి. మూడు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. వెనక కాళ్లు రెండిటినీ మడమల పైన మెత్తని గుడ్డ చుట్టిన తాడుతో మూరెడు ఎడం ఉండేలా కట్టండి, కాళ్లు చీలిపోకుండా. రోజుకు రెండుసార్లు నలుగురు కలిసి లేపి పొట్ట కింద గోనెసంచులతో ఆసరా ఇచ్చి నిలబెట్టించండి, కాళ్లు మర్దన చేయించండి. పొదుగు పాలు పూర్తిగా పిండించండి, దూడను పక్కనే కట్టండి. రోజూ ఒకే సమయానికి తోక బిగువూ, గిట్టల మధ్య గిల్లుడూ, లేవబోయే ప్రయత్నమూ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగో రోజుకి ఆ కాగితం చూస్తే మెరుగవుతోందో లేదో మీకే తెలుస్తుంది. తోకా, మలద్వారమూ ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి, రాత్రి తొమ్మిది తర్వాత చూసి జవాబిస్తాను.